మొక్కజొన్నతో ఏం చేద్దాం? సారా లెక్క, సంఘం లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మా ఉపసంఘం ముందుకి ఒక ప్రశ్న వచ్చింది. వేర్వేరు ఊళ్ల చిన్న వయసు సభ్యులు కొందరు ఫోన్లో వీడియోలు చూశారు. అమెరికాలో ఎవరో ఇంటి వెనకాల రాగి బాన పెట్టుకుని మొక్కజొన్నతో విస్కీ తీస్తున్నారు. "మన ఊళ్ల నిండా మొక్కజొన్నే కదా అక్కా! క్వింటా లెక్కన అమ్మితే ఏం మిగులుతోంది? ఇలాంటిదేదో నేర్చుకుంటే సంఘం లోను ఇస్తుందా?" అని అడిగారు. కొంతమంది నవ్వారు. నేనైతే నవ్వలేదు. పండిన పంటకి ఇంకో నాలుగు రూపాయలు ఎలా రాబట్టాలి అని ఆలోచించే ఆడపిల్లని చూసి నవ్వకూడదు. పైగా మన పల్లెలకి బట్టీ కొత్తేమీ కాదు. మొక్కజొన్న బదులు నల్లబెల్లం, రాగి బాన బదులు రేకు డ్రమ్ము, అంతే తేడా. ఆ పని మీద బతికే కుటుంబాలు ఉన్నాయని మనందరికీ తెలుసు, పైకి అనం. అందుకని ఈ రోజు సమాధానం ఇద్దరికీ చెప్పుకుందాం. కొత్తగా మొదలుపెడదామా అనుకునే చెల్లెళ్లకి, ఇప్పటికే అందులో ఇరుక్కున్న అక్కలకి.

అమెరికా వాళ్లు ఎందుకు మొదలుపెట్టారు

ముందు ఆ వీడియో వెనకున్న కథ తెలుసుకోవాలి. అమెరికాలో తూర్పు వైపు అపలాచియన్ కొండలున్నాయి. రెండు మూడు వందల ఏళ్ల కిందట అక్కడ సేద్యం చేసుకునే పేద కుటుంబాలకి రోడ్లు లేవు. గింజలు గుర్రాల మీద వేసుకుని కొండలు దిగి సంతకి పోతే కూలి కూడా గిట్టేది కాదు. అదే గింజని సారాగా మారిస్తే బరువు తగ్గుతుంది, పుచ్చిపోదు, ధర ఎక్కువ. అలా మొదలైంది. 1791లో ప్రభుత్వం దాని మీద పన్ను వేస్తే రైతులు తిరగబడ్డారు. 1794లో ప్రెసిడెంటు వాషింగ్టన్ స్వయంగా సైన్యంతో బయల్దేరాల్సి వచ్చింది. తర్వాత పన్నుకి భయపడి రాత్రిళ్లు వెన్నెల్లో దొంగచాటుగా కాచేవాళ్లు. అందుకే దానికి 'మూన్‌షైన్' అని పేరు.

ఆ దేశంలో ఇప్పుడు ఇంట్లో సొంతానికి బీరు, వైన్ చేసుకోనిస్తారు. లైసెన్సు లేకుండా బట్టీ పెట్టడాన్ని మాత్రం వాళ్ల కేంద్ర చట్టం నూటయాభై ఏళ్లకి పైగా నేరంగానే చూస్తూ వచ్చింది. దాని మీద ఈమధ్య కోర్టుల్లో వాదాలు నడుస్తున్నాయి. ఈ సంగతి వీడియోలో చెప్పరు. ఇంకో సంగతీ చెప్పరు. ఆవిరి చల్లార్చడానికి పాత లారీ రేడియేటర్లు వాడి, వాటి అతుకుల్లోని సీసం సారాలోకి దిగి, తాగినవాళ్లు మంచాన పడ్డ కేసులు అక్కడి ఆసుపత్రుల్లో చాలా ఉన్నాయి.

బానలో ఏం జరుగుతుంది

పని ఎలా జరుగుతుందో తెలిస్తే ప్రమాదం ఎక్కడుందో మనకే అర్థమవుతుంది. ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి పులియబెట్టడం, రెండోది ఆవిరి పట్టడం.

పులియబెట్టడం మనకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇడ్లీ పిండి పొంగడం, పెరుగు తోడుకోవడం, కల్లు పులియడం అన్నీ కంటికి కనపడని సూక్ష్మజీవుల పనే. ఈస్టు చక్కెరని తిని ఆల్కహాల్‌ని, బొగ్గుపులుసు వాయువుని వదులుతుంది. మొక్కజొన్నలో ఉన్నది చక్కెర కాదు, పిండి పదార్థం. ఈస్టు దాన్ని తినలేదు. అందుకని గింజని ఉడికించి, మొలకెత్తించిన బార్లీ లాంటిది కలిపితే ఆ మొలక రసం పిండిని చక్కెరగా మారుస్తుంది. మనం రాగులు మొలకలు కట్టి చంటిబిడ్డకి జావ కాస్తామే, ఆ తియ్యదనం ఇదే. మన నల్లబెల్లంలో చక్కెర ముందే ఉంది కాబట్టి సారా కాసేవాళ్లకి ఈ పని లేదు. డ్రమ్ములో నానేస్తే ఊట తయారవుతుంది. ఇంతవరకు ఏదైనా కల్లు అంత మత్తే. నూటికి ఆరో ఎనిమిదో పాళ్లు ఆల్కహాల్.

రెండో భాగం ఆవిరి పట్టడం. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఊటని కాస్తే ఆల్కహాల్ ముందు ఆవిరవుతుంది, దాన్ని చల్లారిస్తే సారా. చెప్పడానికి ఇంతే. కానీ ఆ ఆవిరి పెట్రోలు ఆవిరి లాంటిది. కింద కట్టెల మంట, పైన గొట్టం అతుకు దగ్గర చిన్న సందు. అంటుకుంటే నీళ్ల బిందె పట్టుకుని పరుగెత్తే టైమ్ కూడా ఉండదు. ఇంటి వెనకాల, పిల్లలు తిరిగే చోట చేసే పని కాదది. లైసెన్సున్న ఫ్యాక్టరీలో ఆవిరి లీకు కాకుండా చూసే ఏర్పాట్లు, ప్రతి విడతా ల్యాబు పరీక్ష ఉంటాయి. మన బట్టీలో ఉండేది చీకటి, హడావుడి. పైగా తొందరగా పులియాలని, ఘాటు రావాలని యూరియా, పటిక, ఇంకా చేతికి దొరికిందల్లా డ్రమ్ములో పడుతుంది.

నమ్మకూడని మూడు మాటలు

మొదటి మాట: "మొదట వచ్చే సారా పారబోస్తే విషం పోతుంది." ఇక్కడ విషం అంటే మిథనాల్. చూడ్డానికి, వాసనకి మామూలు ఆల్కహాల్ లాగే ఉంటుంది. అది 65 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి ముందే మొత్తం వెళ్లిపోతుందని అనుకుంటారు. నిజానికి నీళ్లు, ఆల్కహాల్‌తో కలిసినప్పుడు అది మొదటి నుంచి చివరిదాకా కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. మొదటి గ్లాసు పారబోసినంత మాత్రాన మిగతాది శుద్ధి అయినట్టు కాదు.

రెండో మాట: "వెలిగించి చూస్తే నీలం మంట వస్తే మంచి సరుకు." మిథనాల్ కూడా నీలంగానే, పగటి వెలుతురులో కంటికి ఆననంత పల్చగా మండుతుంది. మంట చూసి విషాన్ని కనిపెట్టలేం.

మూడో మాట: "మా ఊరి సరుకు, తెలిసినవాళ్లు చేసింది, ఏం కాదు." బెల్లం ఊటలో గానీ గింజ ఊటలో గానీ సహజంగా పుట్టే మిథనాల్ తక్కువే, ఆ మాట నిజం. ఊళ్లకి ఊళ్లు ఏడ్చిన చోట్ల జరిగింది వేరు. ఫ్యాక్టరీల్లో రంగులకీ రసాయనాలకీ వాడే మిథనాల్‌ని చవగ్గా వస్తుందని తెచ్చి కలిపేశారు. 2022 జులైలో గుజరాత్‌లోని బోటాద్ వైపు ఊళ్లలో నలభై మందికి పైగా పోయారు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది రోజు కూలీలు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లు కూడా తెలిసినవాళ్ల దగ్గరే కొనుక్కున్నారు. బట్టీ దగ్గర కాసే మనిషికి ఒకటే తెలుసు, క్యాను ఎక్కడి నుంచి వచ్చిందో. ఆ క్యాను ముందు ఎన్ని చేతులు మారిందో తెలియదు.

ఇది మాత్రం ప్రతి అక్కా గుర్తుపెట్టుకోవాలి

మిథనాల్ తాగినవాళ్లకి వెంటనే ఏమీ అనిపించదు. మామూలు మత్తే అనుకుని పడుకుంటారు. ఆ రాత్రి గానీ మర్నాటికి గానీ కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, తలనొప్పి మొదలవుతాయి. కళ్ల ముందు మంచు కమ్మినట్టు, పొగ పట్టినట్టు ఉందంటారు. లోపల కాలేయం ఆ మిథనాల్‌ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది కంటి నరాన్ని కాల్చేస్తుంది. కొంచెమే తాగినా చూపు పోవచ్చు.

చూపు మసకబారింది అన్న మాట వినగానే 108కి ఫోన్ చేయండి. "పొద్దున చూద్దాంలే, దిగిపోతుందిలే" అని ఆగొద్దు. మజ్జిగ, నిమ్మరసం పోస్తూ కూర్చోవద్దు. మరికొంచెం తాగిస్తే తగ్గుతుందన్న మాట అసలే వినొద్దు. ఆసుపత్రిలో దీనికి విరుగుడు మందు ఉంది, డయాలిసిస్ ఉంది. ఎంత తొందరగా వెళ్తే అంత చూపు, అంత ప్రాణం నిలుస్తాయి. డాక్టరుగారి దగ్గర దాచకుండా "సారా తాగాడు, ఫలానా టైముకి తాగాడు" అని చెప్పండి. కేసవుతుందని భయపడి "ఏదో తిన్నాడు" అంటే వైద్యం దారి తప్పుతుంది. అతనితో కలిసి తాగినవాళ్లు ఎవరో వాళ్ల ఇళ్లకి కూడా వెంటనే కబురు పెట్టండి, బాగానే తిరుగుతున్నా సరే.

బట్టీ లెక్క ఎవరైనా రాశారా?

మన పంచసూత్రాల్లో పుస్తకాలు రాయడం ఒకటి. సారా వ్యాపారానికి పుస్తకం లేదు. అందుకే అది లాభంగా కనిపిస్తుంది.

లెక్క కోసం, వారానికి రెండు వేలు మిగిలిందనుకుందాం. ఏడాదికి 52 వారాలు, లక్షా నాలుగు వేలు. బాగానే ఉంది. ఇప్పుడు రెండో వైపు రాయండి. ఒక్కసారి దాడి జరిగితే ఊట అంతా పారబోస్తారు, డ్రమ్ములు పగలగొడతారు, అంటే పెట్టుబడి మొత్తం పోయినట్టే. కేసు, బెయిలు, వకీలు ఫీజు. వాయిదా ఉన్న ప్రతిరోజూ కూలి పోతుంది. పదేపదే దొరికితే తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు, మాట తప్పితే పూచీకత్తు సొమ్ము కట్టాలి. ఇంకా ముదిరితే పీడీ చట్టం ఉంది. 1986 నాటి ఆ చట్టం కింద ఏడాది వరకు జైల్లో ఉంచొచ్చు. అమ్మ జైల్లో ఉన్న ఏడాది పిల్లల చదువు ఏ గడిలో రాస్తాం? ఇంట్లో సరుకు ఉంది కాబట్టి ఇంటాయనా తాగుతాడు, పెద్దకొడుకూ నేర్చుకుంటాడు. ఆ ఖర్చు ఏ గడిలో రాస్తాం? ఈ గడులన్నీ నింపి కూడితే లక్షా నాలుగు వేలు ఎక్కడ మిగులుతుందో మీరే చెప్పండి.

వడ్డీ సంగతి కూడా ఉంది. బెల్లం అప్పుగా దించే వ్యాపారి ఉంటాడు, సరుకు ఎత్తుకెళ్లే మనిషి ఉంటాడు. ఇద్దరూ తప్పించుకుంటారు. కేసు మాత్రం పొయ్యి దగ్గర దొరికిన ఆడమనిషి మీద.

మన సంఘాల పుట్టుకలోనే ఉంది

కొత్త సభ్యులకి ఒక మాట చెప్పాలి. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రిబడులు నడిచాయి. సారా వల్ల సంసారం ఎలా కూలిందో చెప్పే పాఠం చదువుకుని, దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపేశారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1992 నాటికి అది ఊరూరా పాకింది. ఆడవాళ్లు అడ్డుపడి సారా వేలంపాటలు వాయిదా వేయించారు. 1993లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు.

ఇక్కడ మనకి కావాల్సింది ఆ తర్వాత జరిగింది. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగిలింది కదా, దాన్ని ఏం చేయాలి అని ఆ ఆడవాళ్లే ఆలోచించారు. రోజుకో రూపాయి దాచారు. అదే నెల్లూరులో 'పొదుపు లక్ష్మి'. రోజుకో రూపాయి అంటే ఏడాదికి 365 రూపాయలు. పెద్ద మొత్తమేం కాదు. ఆ పునాది మీదే తర్వాత డ్వాక్రా సంఘాలు బలపడ్డాయి, వెలుగు వచ్చింది, ఇవాళ మనం ఈ పందిరి కింద కూర్చున్నాం. సారా మానేసిన డబ్బుతో మొదలైన పొదుపు ఇది. ఆ పొదుపులోంచి మళ్లీ సారా పెట్టుబడికి లోను ఎలా ఇస్తాం?

అయితే ఆ ఉద్యమం నుంచి ఇంకో పాఠం కూడా నేర్చుకోవాలి. దుకాణం మూయించగలిగాం గానీ, బట్టీ పొలం గట్టుకీ తోపుల్లోకీ చేరింది. వేరే బతుకుదెరువు చూపించకుండా పొయ్యి ఆర్పితే అది ఇంకోచోట వెలుగుతుంది.

మరి మొక్కజొన్నతో ఏం చేద్దాం

ఒకటి, గింజని గింజగానే మంచి ధరకి అమ్మడం. 2025-26కి మద్దతు ధర క్వింటాకి 2,400 రూపాయలు. తేమ 14 శాతం లోపు ఉండాలి. చాలామందికి ధర తగ్గేది ఇక్కడే. కల్లంలో పట్టాలు వేసి బాగా ఎండబెట్టి, సంఘం తరఫున ఒక తేమ మీటరు కొనుక్కుని, పదిమంది సరుకు ఒకచోట పోసి అమ్మితే బేరం మన చేతిలో ఉంటుంది. పచ్చిగా నిల్వ చేస్తే బూజు పడుతుంది, ఆ బూజు విషం కోళ్లకీ మనుషులకీ కూడా చేటు. మొక్కజొన్న నుంచి ఆల్కహాల్ తీసి పెట్రోల్లో కలిపే ఫ్యాక్టరీలు మన దేశంలో ఇప్పుడు చాలా వచ్చాయి. అంటే ఆ వీడియోలో చూసిన పనే లైసెన్సుతో, పెద్ద ఎత్తున జరుగుతోంది. మనం బట్టీ పెట్టక్కర్లేదు, వాళ్లకి గింజ అమ్మితే చాలు.

రెండు, పాతర మేత, అదే సైలేజీ. గింజ పాలు గట్టిపడే దశలో పైరు కోసి, ముక్కలుగా నరికి, గాలి లేకుండా గట్టిగా తొక్కి, పట్టా కప్పి మూసేస్తే సుమారు 45 రోజుల్లో పులిసి మేత తయారవుతుంది. ఇది కూడా పులియబెట్టడమే, కాకపోతే కేసు లేని పులియబెట్టడం. ఎండాకాలంలో పాడి ఉన్న ప్రతి ఇంటికీ కావాలి.

మూడు, తిండి సరుకు. రవ్వ, పిండి, పేలాలు, గారెల పిండి. చిన్న వ్యాపారానికి ఆహార భద్రత సంస్థ దగ్గర రిజిస్ట్రేషను చేయించుకోవాలి. 2020లో మొదలైన సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో యంత్రాలకి 35 శాతం సబ్సిడీ, సంఘ సభ్యురాలికి 40 వేల వరకు మూలధనం పెట్టారు. దరఖాస్తుకి ముందు ఈ ఏటి నిబంధనలు ఏపీఎం గారి దగ్గర చూసుకోండి.

బట్టీ దగ్గరున్న అక్కలకి

చివరగా, అసలైన మాట. సారా కాసే అక్కని మనం సంఘంలోంచి తీసేస్తే ఆమెకి మిగిలేది బెల్లం వ్యాపారి ఒక్కడే. మానేయమని చెప్పేటప్పుడు ఒక సంగతి గమనించాలి. సారాకి ఏ రోజు డబ్బు ఆ రోజే చేతికొస్తుంది. గేదె కొనిస్తే పాల డబ్బు పదిహేను రోజులకోసారి, అదీ ఈనాక. ఈలోగా పొయ్యి ఎలా వెలుగుతుంది? ఆ మధ్య రోజుల్లోనే చాలామంది మళ్లీ డ్రమ్ము దగ్గరికి వెళ్తున్నారు. అందుకని ముందు రోజువారీ డబ్బు వచ్చే పని చూపించాలి. టిఫిను బండి, బజ్జీలు, కూరగాయలు, సీజన్లో కాల్చిన పొత్తులు. అది నిలదొక్కుకున్నాక గేదె.

ఉపసంఘం తరఫున సభ ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాం.

ఒకటి: ఏ సంఘమూ సారా తయారీకి, అమ్మకానికి పనికొచ్చే లోను ఇవ్వకూడదు. పేరు వేరేగా రాయించుకున్నా సరే.

రెండు: మానేస్తానని ముందుకొచ్చిన సభ్యురాలికి గ్రామ సంఘం నుంచి చిన్న లోను తొందరగా ఇవ్వాలి. మొదటి మూడు నెలలు వాయిదా తేలిగ్గా ఉండాలి. ఆమె పేరు మీటింగుల్లో పదిమందిలో ఎత్తకూడదు.

మూడు: ప్రతి సంఘం ఒక మీటింగులో మిథనాల్ విషం లక్షణాల గురించి మాట్లాడి, మినిట్స్‌లో రాయాలి.

నాలుగు: ఏజెన్సీ ఊళ్లలో మత్తు పదార్థాలని నిషేధించే, అదుపు చేసే అధికారం 1996 నాటి పెసా చట్టం గ్రామసభకి కూడా ఇచ్చింది. అక్కడి గ్రామ సంఘాలు వచ్చే గ్రామసభలో ఈ విషయం ఎజెండాలో పెట్టించాలి.

వీటి మీద మీ ఊళ్లలో మాట్లాడి, వచ్చే నెల ఈసీ మీటింగుకి మీ అభిప్రాయం రాసి పంపండి. ఒప్పుకోకపోతే ఎందుకో అది కూడా రాయండి.